యాంకర్ ఓనర్ కావాలంటే: స్లాట్ కొనాలా, పారితోషికానికి చెయ్యాలా?

కోడంబాకం కాకి
చెన్నైలో ఉండి తెలుగు ఛానళ్లకు షోలు చేసే యాంకర్లకు రెండు దారులు. ఒకటి, ఖర్చంతా ఛానల్ పెట్టుకుని యాంకర్‌కి ఎపిసోడ్‌కి ఇంతని ఇస్తుంది. రెండోది, ఛానల్‌కి టెలికాస్ట్ ఫీజు కట్టి స్లాట్, అంటే ప్రసార సమయం, తీసుకుని, షో మనమే తీసి, యాడ్స్ మనమే అమ్ముకోవడం. నేను రెండోదాని వైపు. అమెరికా టాక్ షో యాంకర్ ఓప్రా విన్‌ఫ్రే షో 1986లో అమెరికా అంతటా మొదలైంది. 1988లో షో యాజమాన్యం ఆవిడ సొంత కంపెనీ హార్పోకి వచ్చింది. 2000లో పత్రిక, 2011లో ఛానల్, అన్నీ ఆ తర్వాతే. మీరేమంటారు?

అణా పైసా
కాకి గారూ, సగమే చెప్పారు. ఆ షోని ఊరూరా స్టేషన్లకు అమ్మిపెట్టింది కింగ్ వరల్డ్ అనే పంపిణీ సంస్థ. అక్కడ స్టేషన్లు డబ్బు కట్టి షో కొనుక్కునేవి. స్లాట్ పద్ధతిలో కట్టేది నిర్మాత.

అరగంట డైలీ షో లెక్క చూడండి. రేట్లు ఉదాహరణకే. కేబుల్ టీవీ నియమాల ప్రకారం గంటకి 10 నిమిషాల యాడ్స్, 2 నిమిషాల ఛానల్ సొంత ప్రోమోలు. అంటే అరగంటకి 5 నిమిషాల యాడ్స్. ఒక నిమిషం ఛానల్ ఉంచుకుంటే మీకు 4 నిమిషాలు, అంటే 10 సెకన్ల యూనిట్లు 24. యూనిట్ 8,000 అయితే యాడ్ ఏజెన్సీ కమిషన్ 15 శాతం పోను చేతికొచ్చేది 6,800. ఎపిసోడ్‌కి టెలికాస్ట్ ఫీజు 60,000, షూటింగ్ ఖర్చు 50,000 అనుకుంటే 17 యూనిట్లు అమ్మితేగానీ గట్టెక్కరు. 24 అమ్మితే 53,200 మిగులు. 14 దగ్గర ఆగితే 14,800 చేతిచమురు. యాడ్స్ డబ్బు క్రికెట్ వైపు పోయే ఐపీఎల్ నెలల్లో ఆ 14 కూడా గగనమే.

అసలు దెబ్బ వేరే ఉంది. ఏజెన్సీ డబ్బు 90 రోజులకి వస్తే, నెలకి 22 ఎపిసోడ్ల చొప్పున 72 లక్షల 60 వేలు ముందు మీ జేబులోంచే పెట్టాలి. పైగా బిల్లు కొట్టిన నెలకి జీఎస్టీ మరుసటి నెల కట్టేయాలి, డబ్బు వచ్చినా రాకపోయినా.

కోడంబాకం కాకి
యాడ్స్ అమ్మే మనిషి లేకుండా స్లాట్ కొనమని ఎవరన్నారండీ? నటి రాధిక గారి కంపెనీ రాడాన్ ఈ ఊళ్లోనే సన్ టీవీకి సీరియళ్లు తీసి స్టాక్ మార్కెట్ దాకా వెళ్లింది.

అణా పైసా
సీరియల్లో ఒక యాక్టర్ రాకపోతే కథ పక్కకి తిప్పొచ్చు. టాక్ షోలో యాంకర్‌కి గొంతు పోతే ఆ వారం ఫీజు దండగ.

క్లాజ్ 19
ఇద్దరూ డబ్బు దగ్గరే ఆగిపోయారు. కాగితం చూద్దాం. కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి తీయించిన ఫిలింకి, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చినవాళ్లే మొదటి హక్కుదారు. టీవీ షో కూడా ఈ లెక్కలోకే వస్తుంది. కాబట్టి పారితోషికానికి చేస్తే, మీరు రాయించుకోనిది ఏదీ మీది కాదు.

స్లాట్ పద్ధతిలో హక్కులు మీవే అయినా ఛానల్ ఒప్పందంలో అసైన్‌మెంట్ (హక్కులు రాసిచ్చేయడం) అనే మాట ఎక్కడైనా దూరిందేమో వెతకండి. సెక్షన్ 19 ప్రకారం, ఆ రాసిచ్చింది ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లు, ఎక్కడో రాయకపోతే భారతదేశం మాత్రమే. అందుకే ఛానల్ లాయర్లు 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని రాస్తారు. దాన్ని కొట్టించి 'మొదటి ప్రసారం, ఇన్ని పునఃప్రసారాలు, శాటిలైట్ మాత్రమే' అని రాయించాలి. యూట్యూబ్‌ని విడిగా పేరు పెట్టి మినహాయించాలి.

షో పేరు ట్రేడ్‌మార్క్ 41వ క్లాసులో (వినోద సేవలది) మీ కంపెనీ పేరు మీదే వేయండి. చిన్న సంస్థకి ఆన్‌లైన్‌లో 4,500 రూపాయలు. ఛానల్ వేసేదాకా ఆగితే పేరు పోయినట్టే.

సాలిగ్రామం ఎడిట్ టేబుల్
హక్కు కాగితం మీద ఉండి క్లీన్ మాస్టర్ లేకపోతే ఏం అమ్ముతారు? ఛానల్‌కి ఇచ్చే ఫైల్లో పేర్లు, స్క్రోలింగ్, స్పాన్సర్ లోగో అన్నీ అతుక్కుపోయి ఉంటాయి. అవేవీ లేని కాపీ ఒకటి, మాటలు, సంగీతం, ఎఫెక్ట్‌లు వేర్వేరు ట్రాకులుగా, ఎడిట్ అయిన రోజే తీసి రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టాలి. తమిళంలోకి డబ్బింగ్ చేయాలన్నా ఆ ట్రాకులు ఉంటేనే.

ఎక్కువ మంది పడేది సినిమా పాట దగ్గర. గెస్ట్ వచ్చేటప్పుడు వేసిన 15 సెకన్ల పాట ఛానల్ లైసెన్స్ మీద టీవీలో చెల్లిపోతుంది. అదే ఎపిసోడ్ మీ యూట్యూబ్‌లో పెట్టగానే మ్యూజిక్ కంపెనీ క్లెయిమ్ పడి ఆ వీడియో ఆదాయం వాళ్లకి పోవచ్చు. విడి ట్రాక్ ఉంటే పాట తీసి సొంత బిట్ వేసుకోవచ్చు, లేకపోతే మాటలు కూడా పోతాయి. గెస్టుల సంతకాలు కూడా షూటింగ్ రోజే తీసుకోండి.

అణా పైసా
ఇదీ పనికొచ్చే మాట. అమెరికాలో మెర్వ్ గ్రిఫిన్ కూడా ఓప్రాలాగే టాక్ షో యాంకరే. కానీ పెద్ద డబ్బు వచ్చింది ఆయన ముఖం కనబడని గేమ్ షోల మీద. జెపర్డీ 1964లో, వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ 1975లో మొదలయ్యాయి. 1986లో కంపెనీని కోకా-కోలాకి 25 కోట్ల డాలర్లకి అమ్మాడు. ఓప్రా ఛానల్ మొదటి ఏళ్లలో తడబడింది. 2017లో తన వాటాలో కొంత 7 కోట్ల డాలర్లకి ఛానల్లో భాగస్వామి అయిన డిస్కవరీకే ఇచ్చేసింది.

కోడంబాకం కాకి
సరే, ఒక మెట్టు దిగుతాను. మొదటి షో పారితోషికానికే చెయ్యనీండి, యూట్యూబ్ హక్కూ, పేరూ మినహాయించుకుని. ఆ డబ్బుతో ఈ యాంకరే ఉండాలన్న అవసరం లేని గేమ్ షో ఒకటి స్లాట్‌లో, డైలీ కాకుండా వారానికి ఒక ఎపిసోడ్. అణా పైసా గారూ, మీ లెక్కనే నెలకి 4 ఎపిసోడ్లు, మూడు నెలలకి 13 లక్షల 20 వేలు. దీనికీ అడ్డం చెప్తారా?

అణా పైసా
వీక్లీకి సెట్ అద్దె ఎపిసోడ్‌కి పెరుగుతుంది, 50,000లో తేలదు. రోజుకి నాలుగు ఎపిసోడ్లు షూట్ చేస్తానంటే అడ్డం చెప్పను.