నాయనకి నలుగురు డాక్టర్లు, అందర్నీ కలిపి చూసే వాళ్ళు తిరుపతిలో ఎవరన్నా ఉన్నారా?

అందరికీ నమస్తే. మాది పూతలపట్టు దగ్గర పల్లె. మా నాయనకి 68 ఏండ్లు, షుగర్, బీపీ, రెండేండ్ల కింద గుండెకి స్టెంట్ వేసినారు, ఇప్పుడు కిడ్నీ కూడా వీక్ అయింది, క్రియాటినిన్ 2.4 వచ్చింది. సమస్య ఏందంటే ఒక్కో దానికి ఒక్కో డాక్టరు, ఒకరు రాసింది ఇంకొకరు చూడరు. పోయిన నెల మోకాలి నొప్పి అని చిత్తూరులో ఒక చోట చూపిస్తే డైక్లోఫెనాక్ రాసినారు, పది రోజులు మింగినాక కాళ్ళు వాచిపోతే కిడ్నీ డాక్టరు దగ్గరికి పరిగెత్తినాం, ఆయన చీటీ చూసి ఈ నొప్పి మాత్రలు కిడ్నీకి పడవు, ఎవరిచ్చినారయ్యా ఇవి అని మా మీద అరిచినాడు. మాకేం తెలుసు సార్!

రోజుకి 14 మాత్రలు. అమ్మకి చదువు రాదు, రంగు చూసి ఇస్తాది, కంపెనీ మారితే రంగు మారిపోతాది. నేను బెంగుళూరులో ఉంటా.

తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో గుండె, కిడ్నీ విభాగాలు రెండూ ఉన్నాయి గదా, అక్కడికే మొత్తం మార్చేస్తే ఒకే ఫైలు మీద చూస్తారా? లేక ముందు జనరల్ మెడిసిన్ ఓపీలో చూపించి ఆయన్నే మెయిన్ డాక్టరుగా పెట్టుకోవాల్నా? ఆభా నంబరు (గవర్నమెంటు హెల్త్ ఐడీ) తీసినాం, 14 అంకెలది, దాంట్లో పాత రిపోర్టులు ఎక్కిస్తే డాక్టర్లు నిజంగా తెరిచి చూస్తారా? వారానికి ఒకసారి ఇంటికొచ్చి బీపీ, షుగర్ చూసి మాత్రలు డబ్బాలో సర్దిపెట్టే నర్సులు మా పక్క దొరుకుతారా, ఎంత తీసుకుంటారు? ఇట్లా పడినోళ్ళు ఉంటే చెప్పండన్నా.