యూరప్ స్మార్ట్ గ్రిడ్ పథకాల్లో చిత్తూరు జిల్లా ఫీడర్‌కు పనికొచ్చేది ఏది?

ప్రశ్న – కపిలతీర్థం_ఇ.ఇ.ఇ.

నమస్కారం. తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ విభాగం తరఫున, పూతలపట్టు వైపు 11 కె.వి. ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వెళ్లే 11,000 వోల్టుల లైన్) ఒకదాని మీద పైలట్ ప్రాజెక్టుకు నోట్ రాస్తున్నాం. ఫీడర్‌లో ఎక్కువగా 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్లు, వీజిల్ అనే సన్న కండక్టర్‌తో ఎల్.టి. లైన్లు (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్లకు వెళ్లే తక్కువ వోల్టేజ్ లైన్లు). పి.ఎం. సూర్య ఘర్ వచ్చాక ఇళ్ల మీద సోలార్ బాగా పెరిగింది. దాదాపు అన్నీ సింగిల్ ఫేజ్. మధ్యాహ్నం లైన్ చివరి ఇళ్లలో సోలార్ ఇన్వర్టర్లు ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ అని చూపించి ఆగిపోతున్నాయి. మామిడి గుజ్జు సీజన్‌లో సాయంత్రం పూట అదే సబ్‌స్టేషన్‌లో వోల్టేజ్ పడిపోతుంది.

యూరప్ ఇరవై ఏళ్లుగా స్మార్ట్ గ్రిడ్ల మీద పరిశోధనకు డబ్బు పెట్టింది, చట్టాలు చేసింది. అందులో మాకు నేరుగా పనికొచ్చేది ఏది? చేతిలో ఉన్నది చిన్న బడ్జెట్, కాబట్టి మొదట ఏం కొనాలి? యూరోపియన్ యూనియన్ పరిశోధన కార్యక్రమం హొరైజన్ యూరప్ నిధులకు మన కాలేజీ దరఖాస్తు పెట్టుకోవచ్చా?

జవాబు – మీటర్_లెక్క

సార్, నోట్‌ను ‘ఇంటింటికీ స్మార్ట్ మీటర్’ అని మొదలుపెట్టొద్దండి. మీ సమస్య వోల్టేజ్‌ది, బిల్లుది కాదు. మీటర్ల విషయంలో యూరప్ ఎక్కడ తడబడిందో ముందు చూడండి.

ఇటలీలో ఎనెల్ సంస్థ 2001–2006 మధ్య సుమారు 3 కోట్ల మీటర్లు మార్చింది. దూరం నుంచి రీడింగ్ తీయడం, కనెక్షన్ ఇవ్వడం, తీసేయడం, దొంగతనం పట్టుకోవడం దాని ఉద్దేశాలు. ఆ పని జరిగింది. 2009 యూరోపియన్ యూనియన్ విద్యుత్ డైరెక్టివ్ (సభ్య దేశాలు అమలు చేయాల్సిన ఆదేశం), ఖర్చు–లాభం లెక్కలో లాభం తేలిన దేశాల్లో 2020 నాటికి 80 శాతం మందికి స్మార్ట్ మీటర్ ఉండాలని చెప్పింది. ఆ ‘లాభం తేలితేనే’ అన్న షరతు చాలా ముఖ్యం. జర్మనీ 2013లో లెక్క వేస్తే చిన్న వినియోగదారులకు గిట్టుబాటు కాదని తేలింది. అందుకే 2016 చట్టంలో ఏడాదికి 6000 యూనిట్లు దాటేవాళ్లకే తప్పనిసరి చేశారు. నెదర్లాండ్స్‌లో 2009లో ఎగువ సభ తప్పనిసరి మీటర్లను ఒప్పుకోలేదు. ఇంట్లో ఎవరు ఎప్పుడు ఉన్నారో పావుగంట రీడింగ్‌లతో తెలిసిపోతుందన్నది అభ్యంతరం. మీటరు వద్దనే హక్కు ఇచ్చాకే అక్కడ చట్టం ముందుకు కదిలింది.

కాబట్టి మీ నోట్‌లో రెండు విషయాలు మొదటి పేజీలోనే ఉండాలి. లాభం ఎవరికి, ఖర్చు ఎవరిది అన్నది డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) ఒక నిలువు వరుస, ఇంటివాళ్లకు ఒక నిలువు వరుస వేసి చూపండి. రెండూ కలిపి ఒకే మొత్తం చూపిస్తే ఎవరూ నమ్మరు. రెండోది, ఇంటి స్థాయి డేటా ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నాళ్లు ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ స్థాయికి కూడిన తర్వాతే పరిశోధకుల చేతికి వస్తుందా అన్నది. మన 2023 డిజిటల్ డేటా రక్షణ చట్టం ఉంది కాబట్టి సమ్మతి పత్రం తెలుగులో ముందే తయారు చేసుకోండి.

మీటర్ స్పెసిఫికేషన్ రాసేటప్పుడు యూరోపియన్ కమిషన్ 2012లో సిఫారసు చేసిన పది కనీస సదుపాయాల జాబితాను పక్కన పెట్టుకోండి. రెండు వైపులా కరెంటు కొలవడం, రియాక్టివ్ పవర్ (పని చేయకుండా లైన్‌లో అటూ ఇటూ తిరిగే పవర్) కూడా చూడడం, వినియోగదారుకు 15 నిమిషాలకొకసారైనా రీడింగ్ అందడం అందులో ఉన్నాయి. మన మీటర్ ప్రమాణాలు ఐ.ఎస్. 16444, ఐ.ఎస్. 15959 కూడా యూరప్‌లో వాడే డి.ఎల్.ఎం.ఎస్. అనే మీటర్ సమాచార భాష మీదే నిలబడ్డాయి. అందువల్ల అక్కడి ప్రాజెక్టుల సాఫ్ట్‌వేర్‌లో కొంత భాగం ఇక్కడా పనిచేస్తుంది.

జవాబు – ఎల్.టి._చివరి_స్తంభం

మీ ఓవర్ వోల్టేజ్ సంగతి ముందు కాగితం మీద తేల్చుకోండి సార్. సగం జవాబు ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేట్ మీదే ఉంది. మన ట్రాన్స్‌ఫార్మర్ 11 కె.వి./433 వోల్టులది. 433ని 1.732తో భాగిస్తే ఫేజ్‌కు 250 వోల్టులు. సబ్‌స్టేషన్ దగ్గర, లోడ్ లేని మధ్యాహ్నం 11 కె.వి. నిండుగా ఉంటే, సోలార్ లేకుండానే 250 ఉంటుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సి.ఇ.ఎ.) 2013 కనెక్టివిటీ నిబంధనల ప్రకారం నామమాత్ర వోల్టేజ్‌లో 110 శాతం, అంటే 253 వోల్టులు దాటితే ఇన్వర్టర్ 2 సెకన్లలో విడిపోవాలి. మిగిలిన జాగా 3 వోల్టులే. ఫీడర్ చివర 10.5 కె.వి. ఉంటే అదే 239కి దిగుతుంది, అక్కడ బాధ తక్కువ. కాబట్టి ఇన్వర్టర్లు ఏ ట్రాన్స్‌ఫార్మర్ల కింద ఆగుతున్నాయో మ్యాప్ మీద గుర్తు పెట్టండి. సబ్‌స్టేషన్ దగ్గరివే ఎక్కువ ఉంటే అసలు కారణం 433.

ఇప్పుడు లైన్ లెక్క. వీజిల్ కిలోమీటరుకు సుమారు 0.93 ఓమ్. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 300 మీటర్ల దూరంలో ఒక సింగిల్ ఫేజ్ 5 కిలోవాట్ల ఇన్వర్టర్ ఉందనుకోండి. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి 0.56 ఓమ్, కరెంటు దాదాపు 22 ఆంపియర్లు. వోల్టేజ్ 12 వోల్టులు పెరుగుతుంది. అదే 5 కిలోవాట్లను త్రీ ఫేజ్ ఇన్వర్టర్‌తో ఎక్కిస్తే న్యూట్రల్‌లో కరెంటు ఉండదు, ఫేజ్‌కు 7 ఆంపియర్లే, పెరుగుదల 2 వోల్టులు. కండక్టర్‌ను ఇంకా లావైన రాబిట్‌కు మార్చి సింగిల్ ఫేజే ఉంచితే 7 వోల్టులు. ఈ మూడు అంకెలు మీ నోట్‌లో ఉంటే చదివే ఇంజనీరుకు ఇంకేం చెప్పక్కర్లేదు.

అందుకే క్రమం ఇట్లా ఉండాలి. ముందు ఏ ఇల్లు ఏ ఫేజ్ మీద ఉందో రాసుకుని ఇన్వర్టర్లను మూడు ఫేజ్‌లకూ పంచండి. దీనికి నిచ్చెన, లైన్ క్లియర్, ఒక పూట పని చాలు. ట్యాప్ (బయటికొచ్చే వోల్టేజ్‌ను మెట్లుగా మార్చే ఏర్పాటు) ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అయితే సప్లై ఆపి ఒక మెట్టు దించండి. కానీ చిన్నవాటిలో చాలావాటికి ట్యాప్ ఉండదు. పైగా మీ మామిడి సీజన్ సాయంత్రం గుర్తుంచుకోండి. మధ్యాహ్నం కోసం దించిన ట్యాప్ రాత్రి చివరి ఇంటిని ముంచుతుంది. లోడ్ మీదే ట్యాప్ మారే డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లు జర్మనీలో వాడుకలో ఉన్నది ఈ రెండు పూటల గొడవకే. అవి ఖరీదైనవి, ఒకటి కూడా చివరి ఉపాయంగానే అడగండి.

మొదట కొనాల్సింది ట్రాన్స్‌ఫార్మర్ మీటర్లు. 100 కె.వి.ఎ.కు ఎల్.టి. వైపు పూర్తి కరెంటు 133 ఆంపియర్లు, 150/5 సి.టి.లు (మీటరు కొలవడానికి కరెంటును తగ్గించి ఇచ్చేవి) సరిపోతాయి, మీటరు, సి.టి. రెండూ 0.5ఎస్ కచ్చితత్వ క్లాస్. న్యూట్రల్‌కు నాలుగో సి.టి. పెట్టండి, అసమతుల్యం అక్కడే బయటపడుతుంది. లైన్ మధ్యలో ఒకటి, చివరి స్తంభం దగ్గర ఒకటి వోల్టేజ్ రికార్డర్ ఉండాలి. రికార్డింగ్ 5 నిమిషాలకు పెట్టండి. యూరప్ ఇ.ఎన్. 50160 ప్రమాణం 10 నిమిషాల సగటు అడుగుతుంది, మన గ్రిడ్‌లో కరెంటు లెక్క కట్టే షెడ్యూలింగ్ బ్లాక్ 15 నిమిషాలు. 5 నుంచి రెండూ కట్టుకోవచ్చు, 15 నుంచి 10 రాదు. ఆ ప్రమాణం ప్రకారం వారానికి 1008 సగటుల్లో 95 శాతం, 230కి 10 శాతం అటూ ఇటూ లోపల ఉండాలి. మన పాత 1956 విద్యుత్ రూల్స్ ఎల్.టి.కి 6 శాతమే ఇచ్చాయి, అంటే 216 నుంచి 244. రెండింటితోనూ పోల్చి చూపండి.

ఇక్కడ చెడిపోయేవి మూడు. మీటరును ‘ఫార్వర్డ్ ఓన్లీ’గా సెట్ చేసి ఇస్తే, సోలార్ వెనక్కి తోసిన కరెంటును కూడా వాడకంగానే కలిపేస్తుంది. ఆర్డర్‌లోనే ‘ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ విడివిడిగా’ అని రాయించండి. ఒక ఫేజ్ సి.టి. తిరగేసి బిగిస్తే మధ్యాహ్నం అది నిజమైన రివర్స్ లాగే కనిపిస్తుంది. బిగించిన రోజు రాత్రి 8 గంటలకు చూడండి, సోలార్ ఉండదు కాబట్టి మూడు ఫేజ్‌లూ ఇంపోర్టే చూపాలి. ఇక గడియారాలు. ఇన్వర్టర్ యాప్ సమయం, మీటర్ సమయం పావుగంట తేడా ఉంటే ఏది కారణమో ఏది ఫలితమో తేలదు.

కపిలతీర్థం_ఇ.ఇ.ఇ.

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు సార్. ఇన్వర్టర్లనే రియాక్టివ్ పవర్ తీసుకునేలా సెట్ చేస్తే సరిపోదా? యూరప్ పేపర్లలో అదే ఎక్కువ కనిపిస్తోంది.

ఎల్.టి._చివరి_స్తంభం

కొంత సాయం చేస్తుంది, సరిపోదు. ఎల్.టి. లైన్‌లో రెసిస్టెన్స్ ఎక్కువ, రియాక్టెన్స్ తక్కువ. వీజిల్‌కు రియాక్టెన్స్ 0.35 ఓమ్ అనుకుంటే, 0.9 పవర్ ఫ్యాక్టర్ దగ్గర రియాక్టివ్ తీసుకున్నా పెరుగుదలలో ఐదో వంతు కూడా తగ్గదు. 12 వోల్టులు పదికి వస్తాయి, పైగా లైన్ కరెంటు, నష్టాలు పెరుగుతాయి. వోల్టేజ్ పెరిగే కొద్దీ ఉత్పత్తిని మెల్లగా తగ్గించే సెట్టింగ్ దీనికన్నా మేలు, ఒక్కసారిగా ఆగిపోవడం తప్పుతుంది. యూరప్ ఇ.ఎన్. 50549 ప్రమాణంలో రెండూ ఉన్నాయి. అయితే నష్టం ఎప్పుడూ లైన్ చివరి ఇంటివాళ్లకే పడుతుంది, వాళ్లకు దాన్ని ఎట్లా సరిచేస్తారో రాయాలి. ఇన్వర్టర్ మెనూలో గ్రిడ్ కోడ్ (గ్రిడ్‌కు కలిసే నిబంధనల సెట్టింగ్) ఏ దేశానిది ఎంచుకుని ఉందో కూడా చూడండి, డిస్కం అనుమతితోనే మార్చండి.

కోడ్ ముందే ఆలోచించి రాయకపోతే ఏమవుతుందో జర్మనీ చూసింది. అక్కడి పాత సోలార్ ఇన్వర్టర్లన్నీ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50.2 హెర్ట్జ్‌కు చేరగానే ఒకేసారి విడిపోయేలా ఉండేవి. వేల మెగావాట్లు ఒక్క క్షణంలో పోయే ప్రమాదం. 2012లో నిబంధన తెచ్చి, 10 కిలోవాట్లకు పైబడిన 3 లక్షలకు పైగా పాత వ్యవస్థలను సరిచేయాల్సి వచ్చింది. మనకు ఇంటి సోలార్ ఇప్పుడిప్పుడే పెరుగుతోంది, ఈ పని ఇప్పుడైతే చౌక.

జవాబు – టారిఫ్_తమ్ముడు

టెక్నికల్ సంగతి వాళ్లు చెప్పేశారు. నేను డబ్బు సంగతి చెబుతాను. పరిశోధన గ్రాంట్ అయిపోగానే పైలట్ మూలపడకుండా ఉండాలంటే డిస్కంకు రాబడి దారి కావాలి. ఇటలీ రెగ్యులేటర్ 2010లో ఎంపిక చేసిన స్మార్ట్ గ్రిడ్ ప్రయోగాల పెట్టుబడి మీద మామూలు రాబడికి అదనంగా 2 శాతం, 12 ఏళ్ల పాటు ఇచ్చింది. బ్రిటన్ రెగ్యులేటర్ 2010–2015 మధ్య 50 కోట్ల పౌండ్ల నిధి పెట్టి, నేర్చుకున్నది మిగతా కంపెనీలతో పంచుకోవాలని షరతు పెట్టింది. మీరు రాష్ట్ర విద్యుత్ రెగ్యులేటర్ ఏ.పి.ఇ.ఆర్.సి. ముందుకు వెళ్లే ఫైలింగ్‌లో డిస్కం చేత ఇట్లాంటి ఒక చిన్న పద్దు అడిగించండి. మీ డిస్కం ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది కదా, నోట్ తుది రూపం రాకముందే అక్కడి ఇంజనీర్లతో కూర్చోండి.

యూరప్ 2019 విద్యుత్ డైరెక్టివ్‌లో 32వ ఆర్టికల్ తప్పకుండా చదవండి. పంపిణీ కంపెనీలు కనీసం రెండేళ్లకోసారి నెట్‌వర్క్ ప్రణాళిక ప్రచురించాలి. కొత్త లైన్ వేయడానికి బదులు వినియోగదారుల లోడ్‌ను జరపడంతో పని అవుతుందా అన్నది అందులో చూపాలి. జర్మనీలో 2024 జనవరి నుంచి కొత్త హీట్ పంపులు, కారు చార్జర్లను లైన్ మీద లోడ్ ఎక్కువైన వేళల్లో 4.2 కిలోవాట్ల వరకు తగ్గించే హక్కు కంపెనీకి ఉంది. బదులుగా వినియోగదారుకు నెట్‌వర్క్ చార్జీ తగ్గుతుంది. మన దగ్గర జరపడానికి వీలైన పెద్ద లోడ్ వ్యవసాయ మోటార్లు. 9 గంటల పగటి సరఫరాను గ్రూపులుగా మధ్యాహ్నానికి జరిపితే మీ సోలార్ మిగులు అక్కడే ఖర్చయిపోతుంది.

ఎల్.టి._చివరి_స్తంభం

తమ్ముడూ, ఆ చివరి మాట ఒక్కటి సవరించాలి. వ్యవసాయ ఫీడర్ వేరుగా ఉన్నచోట, ఊరి ఫీడర్ మిగులు 33/11 కె.వి. సబ్‌స్టేషన్ బస్ (ఫీడర్లన్నీ కలిసే చోటు) దాకా వెళ్లి వ్యవసాయ ఫీడర్‌లోకి దిగుతుంది. దాంతో 33 కె.వి. నుంచి తీసుకునేది తగ్గుతుంది, నష్టాలు తగ్గుతాయి, అది మంచిదే. కానీ ఇన్వర్టర్‌ను ఆపుతున్న 12 వోల్టులు ఊళ్లో ఎల్.టి. తీగ మీద పుడుతున్నాయి. అక్కడి కరెంటు మారనప్పుడు ఆ పెరుగుదల తగ్గదు, 11 కె.వి. బస్ కాస్త దిగినంత మేరకే లాభం. అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మంచినీటి పథకం మోటారు, పాల శీతలీకరణ యూనిట్, పిండి మర లాంటివాటిని మధ్యాహ్నం నడిపిస్తే మాత్రం ఎల్.టి. మీద కూడా ఫలితం కనిపిస్తుంది. నోట్‌లో ఈ రెండింటినీ వేర్వేరు ప్రయోగాలుగా పెట్టాలి.

టారిఫ్_తమ్ముడు

నిజమే అన్నా, విడదీయాల్సిందే. మంచినీటి మోటారుతో మొదలుపెడితే పంచాయతీ ఒక్కటే ఒప్పుకుంటే చాలు, ఇళ్లను అడగక్కర్లేదు. ధర సంకేతం కోసం విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలకు కేంద్రం 2023 జూన్‌లో చేసిన సవరణ చూడండి. సౌర గంటల ధర మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలని అందులో ఉంది.

జవాబు – కన్సార్టియం

హొరైజన్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ఈ కార్యక్రమం 2021–2027 కాలానిది, మొత్తం సుమారు 9,550 కోట్ల యూరోలు. గ్రిడ్ పిలుపులు (ప్రతిపాదనలు కోరే ప్రకటనలు) క్లస్టర్ 5లో, అంటే వాతావరణం, ఇంధనం, రవాణా విభాగంలో వస్తాయి. భారత సంస్థ చేరవచ్చు, కానీ నిధి దానంతట అది రాదు. నిధి దానంతట అది వచ్చే దేశాల జాబితాలో చాలా అల్పాదాయ, మధ్యాదాయ దేశాలు ఉన్నా, భారత్, చైనా, బ్రెజిల్ లేవు. అందుకని మన వాటా ఖర్చు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ లాంటి చోట నుంచి రావాలి, లేదా ఆ పిలుపులోనే మినహాయింపు రాసి ఉండాలి. మామూలు కన్సార్టియంలో, అంటే దరఖాస్తు పెట్టే సంస్థల బృందంలో, వేర్వేరు దేశాల నుంచి కనీసం మూడు స్వతంత్ర సంస్థలు కావాలి. అవి యూనియన్ సభ్య దేశాలవో అనుబంధ దేశాలవో కావాలి, ఒకటైనా సభ్య దేశానిదై తీరాలి. మీరు నాలుగో సంస్థగా చేరతారు.

ఇట్లా నడిచిన ఉదాహరణ ఒకటి ఉంది. రీ–ఎంపవర్డ్ ప్రాజెక్టులో డెన్మార్క్ బోర్న్‌హోమ్, గ్రీసు కిథ్నోస్ దీవులతో పాటు మన సుందర్బన్స్‌లోని ఘోరమారా, ఒడిశా కియోంఝర్ కూడా ప్రయోగ స్థలాలు. ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్ భారత్ వైపు భాగస్వామి. మీరు యూరప్ విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాసేటప్పుడు ‘మాకూ స్మార్ట్ గ్రిడ్ మీద ఆసక్తి ఉంది’ అని రాయకండి. ‘433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, బేర్ కండక్టర్ ఎల్.టి., సింగిల్ ఫేజ్ సోలార్ ఉన్న ఫీడర్, ఏడాదిపాటు 5 నిమిషాల డేటా’ అని రాయండి. వాళ్లకు అక్కడ దొరకనిది అదే.

మూల్యాంకనం మూడు అంశాల మీద ఉంటుంది: పరిశోధన నాణ్యత, ప్రభావం, అమలు. ఒక్కోదానికి 5 మార్కులు, సాధారణంగా ఒక్కోదాంట్లో కనీసం 3, మొత్తం మీద కనీసం 10 రావాలి. మంచి నాణ్యత ఉండి కూడా ప్రభావం దగ్గర ఆగిపోయే అవకాశం ఎక్కువ, కాబట్టి డిస్కం సంతకం చేసిన లేఖ జతచేయండి. కాలేజీకి తొమ్మిదంకెల పిక్ నంబరు (యూరోపియన్ పోర్టల్‌లో సంస్థ గుర్తింపు సంఖ్య) ముందే తీసుకోండి, అది భాగస్వామి అడిగిన రోజు మొదలుపెట్టే పని కాదు. గడువు బ్రస్సెల్స్ సమయం సాయంత్రం 5 గంటలు. మనకు వేసవిలో రాత్రి 8:30, చలికాలంలో 9:30. ఆ నిమిషం దాటితే పోర్టల్ తీసుకోదు.