కల్లు మాని మళ్లీ పట్టిన విశ్వాసికి ప్రభు భోజనం ఆపాలా?

పాలమూరు_సంఘపెద్ద
అందరికీ వందనాలు. కల్లు ముట్టనని బాప్తిస్మమప్పుడు సంఘం ముందు ఒప్పుకున్న మనిషి మళ్లీ కల్లు అమ్మే కాంపౌండ్ దిక్కు పోతే, మూడు నెలలు ప్రభు భోజనం, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడం, ఆపాలన్నది నా మాట. 2 పేతురు 1:5–7లో వరుస చూడండి. విశ్వాసం, సద్గుణం, జ్ఞానం, ఆశానిగ్రహం, ఆ తర్వాతే సహనం. నోరు కట్టుకోలేనివాడు శ్రమలో ఏం నిలబడతాడు? ఈస్టర్ ముందు వచ్చే శ్రమదినాలు 40 రోజులు గట్టిగా ఉపవాసముంటే ఏ అలవాటైనా పోతుంది.

విభూది_నల్లగొండ
విభూది బుధవారం నుంచి పవిత్ర శనివారం దాకా 46 రోజులన్నా. ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40.

దేవరకొండ_సిస్టర్
అన్నా, చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరు. మన దిక్కు చాలాచోట్ల అమ్మేది రెండోదే. అందులో డైజీపామ్, అల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలుపుతరు. రోజూ తాగే ఒళ్లు వాటికి అలవాటు పడుతది. ఒక్కసారే ఆపితే ఒకటి రెండు రోజులకే చేతులు వణుకుతయి, చెమటలు పోస్తయి, నిద్ర పట్టదు. తర్వాత లేని మనుషులతో మాట్లాడుతడు, ఫిట్స్ కూడా వస్తయి. అది చూసి దయ్యం పట్టిందని ఉపవాస కూడికలో కూర్చోబెడుతరు. తిండీ నీళ్లూ లేక ప్రాణం మీదికొస్తది. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టుర్రి, నోట్ల చెంచా, తాళంచెవి ఏదీ పెట్టకుర్రి, 108కి ఫోన్ చేయుర్రి. మానుడు డాక్టర్ దగ్గర జరగాలె. ఆయనే మందుబిళ్లలిచ్చి, వాటిని కొద్దికొద్దిగా వారాల తరబడి తగ్గిస్తరు.

విభూది_నల్లగొండ
ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి ఉపవాసం లెక్కలోకి రాదు. ఇది చాలామందికి తెల్వదు.

పాలమూరు_సంఘపెద్ద
లెక్క ఒప్పుకుంటా, వదిలేయండి. సిస్టర్, పాపానికి రోగమని పేరు పెడితే రేపు మారుమనస్సు ఎవరికి కావాలి? త్రాగుబోతుతో కలిసి భోజనం కూడా చేయవద్దని 1 కొరింథీ 5:11లో ఉంది.

దేవరకొండ_సిస్టర్
ఒళ్లు వణికేది రోగం. కాంపౌండ్‌కు నడిచి పోయేది మనిషి. నేను రెండూ ఒకటనలే. కానీ మీరు వణుకును చూసే విశ్వాసం లేదని తీర్పు చెప్తున్నరు.

గద్వాల_యూత్
కొరింథీయులకు రాసిన రెండో ఉత్తరం కూడా చదవండి అయ్యగారూ. 2:7లో అలాంటివాణ్ని క్షమించి ఆదరించమన్నాడు, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడని.

పాలమూరు_సంఘపెద్ద
మునిగిపోకముందు అతను దుఃఖపడ్డాడు తమ్ముడూ! అదే నేనడిగేది. పదేళ్లుగా పళ్లు బిగబట్టి మానినవాళ్లు అదే బల్ల దగ్గర కూర్చుంటారు. వాళ్ల పక్కన రాత్రి తాగొచ్చినవాడికి రొట్టె ఇస్తే, వాళ్లు పడ్డ కష్టానికి విలువేముంది? ఊరివాళ్లు మనల్ని చూస్తున్నారు.

దేవరకొండ_సిస్టర్
ఇప్పుడు అసలు మాట బయటపడ్డది. మీ భయం ఊరి గురించి, అతని గురించి కాదు. ఆదివారం బల్ల నుంచి లేపితే అతని పక్కన కూర్చునేది ఎవరు? కాంపౌండ్ల ఉన్నోళ్లే. మీరు చెప్పిన వరుసలో సహనం దగ్గరనే ఆగిర్రు. దాని తర్వాత భక్తి, సహోదరప్రేమ, చివరికి దయ ఉన్నయి.

పాలమూరు_సంఘపెద్ద
సంఘం పరువు అంటే నా పరువు కాదు సిస్టర్, ప్రభువు పేరు. ఆ పేరుకు మచ్చ వస్తే బాధ కలగకూడదా?

అచ్చంపేట_కాపరి
ఇద్దరూ ఆగండి. పట్టు తప్పేది సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది మధ్య, కూలి డబ్బులు చేతిలో పడ్డ రోజు, దావత్ రోజు, చావు ఇంటి దగ్గర. సంఘం కాపలా ఉండాల్సింది ఆ గంటల్లో. మొదటి రెండు వారాలు రోజూ ఇద్దరు పోయి కూర్చోవాలి, ప్రార్థన పది నిమిషాలు, మిగతాది మామూలు ముచ్చట. కూలి ఇంటామె చేతికి పోవాలి. చావు ఇంటికి ఒకరు తోడుండి, బువ్వ కాగానే వెంట తీసుకురావాలి. మళ్లీ జారితే దాచకుండా ఆ రాత్రే ఫోన్ చేయమని ముందే చెప్పాలి. దాచినప్పుడే చెయ్యి దాటిపోతుంది.

దేవరకొండ_సిస్టర్
డాక్టర్ దగ్గరికి పోయే రోజు తోడు ఒకరు కావాలె అని కూడా రాయుర్రి. మొదటిసారి ఒక్కడే పోతే సగం దారి నుంచే తిరిగొస్తడు.

పాలమూరు_సంఘపెద్ద
మూడు నెలల మాట నేను మార్చుకోను. కానీ ఆ మూడు నెలలూ సాయంత్రం ఆరుకు అతని ఇంటికి పోయేవాళ్ల పేర్లు కమిటీ రాసి పెట్టాలన్నది ఒప్పుకుంటా. సోమవారం నేను పోతా.

గద్వాల_యూత్
మంగళవారం ఎవరు?