ఉక్రెయిన్ ఉద్యమం అమెరికా డబ్బుతోనే నడిచిందా?

బరంపురం బాబాయ్: 2013 డిసెంబర్లో అమెరికా విదేశాంగ శాఖ అధికారి విక్టోరియా నూలండ్ తన నోటితోనే చెప్పింది, 1991 నుంచి ఉక్రెయిన్ మీద 500 కోట్ల డాలర్లకి పైనే పెట్టాం అని. మూడు నెలలు తిరక్కుండా ఉక్రెయిన్ అధ్యక్షుడు యనుకోవిచ్ దేశం వదిలి పారిపోయాడు. ఇంకేటి సాక్ష్యం కావాలి?

రాయగడ శీను: అది ఇరవై రెండేళ్ల సాయం మొత్తం బాబాయ్, కీవ్‌లో ఉద్యమం జరిగిన చౌరస్తా మైదాన్‌లో టెంట్లకి ఇచ్చింది కాదు. యూరోపియన్ యూనియన్ ఒప్పందం మీద సంతకం పెట్టనన్నాడని జనం రోడ్డెక్కారు. మరి వెంటనే పుతిన్ 1500 కోట్ల డాలర్లు ఇస్తానన్నాడు, అదేటి పెళ్లి చదివింపులా?

పర్లాకిమిడి కుర్రోడు: 500 కోట్ల డాలర్లంటే రూపాయల్లో ఎంతవుద్ది

బరంపురం బాబాయ్: రష్యా ఇస్తానంది ప్రభుత్వానికి, అదీ బాహాటంగా. లీకైన ఫోన్ కాల్ వినలేదా, నూలండ్, వాళ్ల రాయబారీ కూర్చుని ప్రభుత్వంలో ఎవరుండాలో మాట్లాడుకున్నారు, ప్రతిపక్ష నాయకుడు యాట్సెన్యుక్ అన్నారు, ఆయనే ప్రధాని అయ్యాడు. 2000లో సెర్బియాలో మిలోషెవిచ్‌ని దించిన ఓత్పోర్ ఉద్యమం కుర్రాళ్లకీ అమెరికా డబ్బే. మన ఒడిశాలో, నియమగిరి కొండల్లో బాక్సైట్ గని వద్దన్న ఉద్యమంలో మాత్రం? బయట ఎన్జీవోలే కదా వెనకున్నది.

రాయగడ శీను: ఆ కాల్ తప్పే, కాదన్లేదు. కానీ నియమగిరి జోలికి రాకండి. 2013లో సుప్రీంకోర్టు చెప్తే పన్నెండు ఊళ్లలో గ్రామసభ పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి. అవతల వేదాంత కంపెనీ అప్పట్లో లండన్ షేర్ మార్కెట్లో ఉండేది, అది విదేశీ డబ్బు కాదా? మా బడికి తెలుగు మాస్టారు కావాలని మేం సంతకాలు పట్టుకెళ్తే ఆఫీసులో ఏటన్నారో తెలుసా, మీకు ఆంధ్రా నుంచి ఎంతొస్తంది అని. జిరాక్స్ డబ్బులు కూడా మా జేబులోవే, ఇప్పటికీ ఒళ్లు మండిపోద్ది.

గుణుపురం అక్క: మాకూ అదే మాట తమ్ముడూ

బరంపురం బాబాయ్: నీ జేబులోవని నీకు తెలుసు, వాళ్లకెలా తెలుస్తాది? అందుకే ఎవరు ఇచ్చారో లెక్క బయటపెట్టమంటన్నాను.

రాయగడ శీను: లెక్క నేనూ అడుగుతాను. బయట డబ్బు ఒక్కసారి కనపడితే, అడిగిందంతా అబద్ధం అయిపోద్దంటారు చూడండి, దానికే నాకు కోపం. ఆ చలిలో నిలబడి తూటాలకి పోయినోళ్లు వందమంది దాకా ఉన్నారు, ఎంత కూలిస్తే వస్తారు మీరు అలా చావడానికి?

బరంపురం బాబాయ్: అబద్ధం అవదు, సరే. కానీ డబ్బిచ్చినోడు ఎప్పుడు మొదలెట్టాలో చెప్పకపోయినా ఎప్పుడు ఆపాలో వాడే చెప్తాడు. అప్పుడు నువ్వేం చేస్తావు?

పర్లాకిమిడి కుర్రోడు: ఆంధ్రా, ఒడిశా రెండూ మాదంటే మాదనే కొటియా ఊళ్లలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నోళ్లున్నారు, మరి వాళ్లకి ఎవరు చెప్తే ఆగాలి?

బరంపురం బాబాయ్: కొటియా ఇక్కడ తేకు, అది మొదలైతే తెల్లారిపోద్ది.