ప్రతీకారమా, ప్రతికారమా: అణ్వస్త్ర విధానంలో ఒక మాట

అడిగినవారు: కేంద్ర మంత్రివర్గ భద్రతా కమిటీ 2003 జనవరి 4న అణ్వస్త్ర విధానాన్ని ప్రకటించినప్పుడు, అణుదాడికి 'ప్రతికారంగా మాత్రమే' మన అస్త్రాలను ప్రయోగిస్తామన్న వాక్యాన్ని తెలుగు పత్రికలో చదివినట్టు గుర్తు. అక్కడ 'తి' అని ఉందా, 'తీ' అని ఉందా అన్నది ఎంతకీ తేలడం లేదు. హ్రస్వమే అయితే అది అచ్చుతప్పా?

మేష్టారు: కాదు. ఉపసర్గ చివరి అచ్చుకు దీర్ఘం చెప్పిన పాణిని సూత్రంలోనే 'బహులమ్' అని ఉంది కనుక, పరిహారం, పరీహారం లాగా ఇదీ రెండు విధాలా సాధువే. రెంటికీ చికిత్స, విరుగుడు అనే అర్థం కూడా ఉంది; దీర్ఘానికి పగను అంటగట్టింది మన వాడుక. ఆ తేడా తెలిసిన ఉపసంపాదకుడెవరో హ్రస్వాన్ని కావాలనే వేసి ఉంటారని నా ఊహ.

అనువాదకురాలు: ఊహ ముచ్చటగానే ఉంది మేష్టారూ, కానీ రాత్రిపూట పేజీ కట్టే హడావిడిలో పాణిని గుర్తుకు వస్తాడా? పైగా తొలి దాడికి మన జవాబు భారీగా, శత్రువు భరించలేనంత నష్టం కలిగించేలా ఉంటుందని అదే ప్రకటన చెబుతుంటే, దాన్ని విరుగుడు అనడానికి నాకు నోరు రావడం లేదు. అసలు చిక్కు 'మాత్రమే' దగ్గర ఉంది. జీవ, రసాయన ఆయుధాలతో పెద్ద దాడి జరిగినా అణ్వస్త్రంతో బదులిచ్చే వెసులుబాటును ప్రభుత్వం అట్టేపెట్టుకున్నాక, ఆ 'మాత్రమే' ప్రతీకారానికి చెందుతుందా, అణుదాడికి చెందుతుందా?

నెల్లూరువారు: సౌప్తిక పర్వం ఎవరికీ గుర్తు రాలేదేమి? అశ్వత్థామ గడ్డిపోచను మంత్రించి వదిలిన బ్రహ్మశిరోస్త్రాన్ని శమింపజేయడానికే అర్జునుడు తన అస్త్రాన్ని వేశాడు. మేష్టారి అర్థంలో అసలైన ప్రతికారం అదే. అయినా వ్యాసనారదులు మధ్యలో నిలిచి రెంటినీ ఉపసంహరించమన్నారు, ఎందుకంటే అలాంటి అస్త్రాన్ని మరో మహాస్త్రంతో అణచిన చోట పన్నెండేళ్లు వాన పడదు. ఈ ఘట్టాన్ని తెలుగు చేసిన మా తిక్కన మనుమసిద్ధికి మంత్రి కూడా కనుక, ఆజ్ఞ ఎవరి నోట రావాలన్న ప్రశ్న ఆయనకు కొత్త కాదు. మన విధానంలోనూ ప్రయోగానికి అనుమతి ప్రధాని అధ్యక్షతన ఉండే రాజకీయ మండలిదే, సైన్యానిది కాదు.

మేష్టారు: తిక్కనను తెచ్చి ద్రోణుణ్ణి వదిలేశారు. ఎంత ఆపదలోనైనా దాన్ని మనుషుల మీద వేయవద్దన్నది ఆయన పెట్టిన షరతు. ముందు వేయబోమన్న మాట వరుసకు సంబంధించినది. ద్రోణుడి మాట లక్ష్యానికి సంబంధించినది, అందుకే అది మరింత కఠినం.

అనువాదకురాలు: ఆ 'ఆపదలోనైనా' ఇప్పుడు సడలుతోంది. 2019 ఆగస్టు 16న పోఖ్రాన్‌లో రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్, ఇప్పటివరకు మన విధానం ముందుగా ప్రయోగించకపోవడమేననీ, ఇకపై ఏమవుతుందన్నది పరిస్థితులను బట్టి ఉంటుందనీ అన్నారు. 'బట్టి' అనే రెండక్షరాలు 'మాత్రమే'ను ఎంత పలచన చేశాయో చూడండి.

అడిగినవారు: అందరికీ కృతజ్ఞతలు. ఇంతకీ ఆ నాటి పత్రిక కత్తిరింపు ఎవరి దగ్గరైనా ఉందా?

మేష్టారు: నా దగ్గర లేదు. దొరికితే మాత్రం అందులో హ్రస్వమే ఉంటుంది.