నలభై రోజులు ఒక్కడూ ఎందుకు దిగలేదు?

ప్రశ్న (రాయగడ నుంచి):
అందరికీ వందనాలు. మా తెలుగు సంఘంలో ఆదివారం పిల్లల క్లాసు నాది. ఎక్కువమంది ఒడియా మీడియం, అందుకని బైబిలు నేనే చదివి కథలా చెప్తాను. పోయినవారం దావీదు, గొల్యాతు కథ (ఇశ్రాయేలు సైన్యాన్ని సవాలు చేసిన ఫిలిష్తీయ వీరుడు గొల్యాతుని గొర్రెల కాపరి దావీదు పడగొట్టడం) చెప్తుంటే ఎనిమిదో తరగతి కుర్రాడు అడిగాడు: సార్, గొల్యాతు రోజుకి రెండుసార్లు వచ్చి తిడుతుంటే అంత సైన్యం నలభై రోజులు ఊరికే చూస్తూ కూర్చుందా, అందరూ కలిసి మీద పడొచ్చు కదా అని. విశ్వాసం లేక అన్న మామూలు జవాబు వాడికి సరిపోలేదు, నిజానికి నాకూ సరిపోలేదు. అసలు దేనికి భయపడ్డారు?

గుణుపూర్ నుంచి:
బ్రదర్, సమూయేలు మొదటి గ్రంథంలో ఈ కథ ఉన్న 17వ అధ్యాయం కాదు, 13వ అధ్యాయం చివర నుంచి చదవండి. కత్తులు చేసుకుంటారని ఫిలిష్తీయులు ఇశ్రాయేలులో కమ్మరివాడనేవాడే లేకుండా చేశారు. నాగటి నక్కు పదును పెట్టాలన్నా శత్రువు దగ్గరికే వెళ్లి డబ్బిచ్చుకోవాలి. మన సంతకి కమ్మరి ఒక్కవారం రాకపోతేనే రైతులు ఎంత గోల చేస్తారో తెలుసు కదా. అప్పటి యుద్ధంలో కత్తి గానీ ఈటె గానీ ఉన్నది రాజు సౌలుకీ, ఆయన కొడుకు యోనాతానుకీ మాత్రమే. అలాంటి జనం ముందుకి 5,000 తులాల కవచం, అంటే యాభై కిలోల పైమాటే, తొడుక్కుని ఒకడు వచ్చి నిలబడ్డాడు. నేనైతే వాళ్లని పిరికివాళ్లు అనలేను.

పర్లాకిమిడి నుంచి:
ఆయుధాల మాట ఒప్పుకోను అన్నా. 14లో యోనాతాను, ఆయన ఆయుధాలు మోసే కుర్రాడు ఇద్దరే కొండెక్కి ఇరవైమందిని పడగొట్టాక, దాక్కున్నవాళ్లు కూడా బయటికొచ్చి ఫిలిష్తీయుల్ని తరిమారు కదా. గొల్యాతు వచ్చి నిలబడ్డ ఏలా లోయలో చిక్కంతా వాడు పెట్టిన షరతుతో. ఒక్కడే రావాలి, ఆ ఒక్కడు ఓడితే జనమంతా బానిసలు. తన ప్రాణం మీదికి తెచ్చుకోవడానికి సిద్ధపడేవాడు కూడా, ఇంటి దగ్గరి పెళ్లాం పిల్లల్ని పణం పెట్టాలంటే ఆగుతాడు. ఇక అందరూ కలిసి పడటం అంటారా, రెండు సైన్యాలూ చెరో కొండ మీద, మధ్యలో లోయ, ముందు దిగినవాళ్లే ఎదురెక్కాలి. పైగా అందరికన్నా పొడుగైన మనిషి సౌలే, మా యుద్ధాలు చేస్తాడని జనం అడిగి తెచ్చుకున్న రాజు. ఆయనేమో కూతుర్నిస్తా, పన్ను మాఫీ చేస్తా అని బహుమతులు ప్రకటిస్తున్నాడు!

బరంపురం నుంచి:
ద్వితీయోపదేశకాండం 20 కూడా చూడండి. భయపడేవాడు ఇంటికి పోవచ్చు, లేకపోతే పక్కవాడి గుండె కూడా జారిపోతుంది అని ఉంది. సౌలుకి ముందు కాలపు నాయకుడు గిద్యోను అదే ప్రకటిస్తే 32,000 మందిలో 22,000 వెళ్లిపోయారు, వాళ్లని ఎవరూ తిట్టలేదు. సౌలు అలా పంపినట్టు ఎక్కడా లేదు, భయపడినవాళ్లందర్నీ ఒకేచోట ఉంచి పొద్దునా సాయంత్రం అదే అరుపు విననిచ్చాడు. దావీదు ఎక్కువగా బేత్లెహేములో గొర్రెల దగ్గరున్నాడు, అన్నలకి వేయించిన ధాన్యం, రొట్టెలు ఇవ్వడానికి వచ్చాడు. ఆ భయం ఆయనకి ఇంకా అంటలేదు.

రాయగడ నుంచి:
ఇది ఆ కుర్రాడికి నచ్చుతుంది. కానీ ఇంకోటి తప్పకుండా అడుగుతాడు, 14లో అంత తెగించిన యోనాతాను 17లో ఎక్కడ? పేరే లేదు, 18 మొదట్లో మళ్లీ వస్తాడు.

గుణుపూర్ నుంచి:
యువరాజుని సౌలు వెళ్లనిచ్చి ఉండడు. వాక్యంలో అయితే లేదు బ్రదర్, నా ఊహ అనే చెప్పండి పిల్లలకి.