అమ్మ తోటలోకి వెళ్తే ఏడుపు, వెళ్ళకపోతే ఇంకా బరువు. నేల నిజంగా మనసును బాగు చేస్తుందా?

నీలిపిట్ట (ప్రశ్న)

అమ్మ పోయి ఏడు నెలలైంది. ఇంటి వెనక ఆమె పెంచుకున్న తోట ఉంది. పెద్దదేం కాదు, నాలుగు మళ్ళు, ఒక చెట్టు, గోడ వారగా కొన్ని కుండీలు. ఆమె మంచాన ఉన్నన్నాళ్ళూ ఎవరికీ అటు చూసే తీరిక లేదు, పోయాక నాకు చూడాలనిపించలేదు, ఇప్పుడు మోకాలెత్తు గడ్డి. పోయిన నెల ఒక సాయంత్రం ఏం తోచక వెనక తలుపు తీశాను. గూట్లో అమ్మ బొరిగె అలాగే ఉంది. పిడి మీద బొటనవేలు ఆనే చోట కర్ర అరిగిపోయి చిన్న గుంటలా నున్నగా అయింది. నా వేలు పెట్టి చూశాను, సరిపోలేదు, ఆమెది చిన్న చెయ్యి. అంతే, అక్కడే కూలబడి అరగంట ఏడ్చాను.

విచిత్రం ఏంటంటే చాలా రోజుల తర్వాత ఆ రాత్రే నాకు నిద్ర పట్టింది. అప్పట్నుంచి వారానికి మూడు నాలుగుసార్లు వెళ్తున్నా, వెళ్ళిన ప్రతిసారీ ఏడుపే. మా ఆయన "అక్కడికెళ్ళి మానుతున్న పుండు ఎందుకు రేపుకుంటావు, కొన్నాళ్ళు తాళం వేసెయ్" అంటాడు. నా ఫ్రెండేమో మట్టిలో చెయ్యి పెడితే చాలు అన్నీ నయమైపోతాయని రోజుకో వీడియో పంపుతోంది, వాటిలో అందరూ మడత నలగని తెల్ల బట్టలేసుకుని కళ్ళు మూసుకుని నవ్వుతుంటారు, నాకేమో ముక్కు కారుతూ గోళ్ళ నిండా మట్టి.

నేలతో గడిపితే మనసు కుదుటపడుతుందనేది నిజమేనా, లేక మనం చెప్పుకునే ఊరట మాటేనా? ఏడుపొచ్చే చోటికి పదే పదే వెళ్ళడం మంచిదేనా? ఇంకొకటి, చిన్నదే, ఆ గడ్డి పీకిన వారానికే మళ్ళీ లేస్తోంది, ఏం చెయ్యాలి?

---

గడ్డపార

చివరిదానితో మొదలుపెడతానండీ, నాకు గట్టిగా తెలిసింది అదొక్కటే. ఆ గడ్డి కాడని వేళ్ళ మధ్య పెట్టి తిప్పి చూడండి. గుండ్రంగా కాకుండా మూడు పలకలుగా తగిలితే అది తుంగ. భూమి లోపల నల్లటి చిన్న గడ్డలు గొలుసులా ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి, మీరు పైన తెంపుతున్నారు, అవి కింద నుంచి మళ్ళీ మొలుస్తున్నాయి. వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు బొరిగె లోతుగా దించి, ఆ మట్టిపెళ్ళ మొత్తం పైకి లేపి చేత్తో విడదీయండి. అన్నీ రావు, వస్తాయని ఆశ పెట్టుకోకండి. రెండు మూడు వారాలకోసారి చేస్తూ పోతే గడ్డలు లోపల దాచుకున్నదంతా కొత్త మొలకలకే ఖర్చయిపోయి నీరసపడతాయి. నాకు ఒక్క మడికి రెండేళ్ళు పట్టింది.

ఇక నా సంగతి. విడాకులైన ఏడాది నేను ఏమీ నాటలేదు, నాటాలనే ఓపిక కూడా లేదు. చేసిందల్లా రాలిన ఆకులు, పీకిన కలుపు, వంటింటి చెత్త ఒక మూల కుప్ప పోసి అప్పుడప్పుడూ నీళ్ళు చల్లడం, అది కూడా ఇంట్లో కూర్చోలేక. ఒకరోజు తెల్లవారుజామున చూస్తే ఆ కుప్ప లోంచి ఆవిరి వస్తోంది. నిప్పంటుకుందేమోనని హడలిపోయాను. చెయ్యి లోపలికి పెడితే కాలింది, థర్మామీటరు గుచ్చితే 60 డిగ్రీలు. మంట లేదు గింట లేదు, కంటికి కనపడని జీవులు తింటూ పెరుగుతుంటే పుట్టే వేడి అది. నేను ఏ పనీ చెయ్యకుండా గోడకేసి చూస్తూ పడుకున్న రోజుల్లో అది తన పని తాను చేసుకుపోయింది. ఎందుకో తెలీదు కానీ ఆ రోజు నాకు పిచ్చి ధైర్యం వచ్చింది. తర్వాత నెల రోజుల పాటు పొద్దున్నే లేవడానికి నాకున్న ఒకే ఒక్క కారణం ఆ వేడి ఎంతుందో చూసుకోవడం.

మీకు నయమవుతుందని నేను చెప్పలేను. నాకైతే లేచి వెళ్ళడానికి ఒక చోటు దొరికింది. ఆ, మర్చిపోయా, టెటనస్ టీకా వేయించుకుని పదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోండి, ఆ క్రిమి మట్టిలోనే ఉంటుంది. కుండీల మట్టి బస్తా విప్పేటప్పుడు ముఖం దగ్గరగా పెట్టకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

---

లెక్కలపిచ్చి

ఊరట మాటేనా అని అడిగారు కాబట్టి చెప్తున్నా, పూర్తిగా కాదు. కానీ వీడియోల్లో చెప్పేంత కూడా లేదు.

1984లో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రి పాత రికార్డులు తిరగేశాడు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది, సగం మందికి కిటికీ లోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్ళు సగటున ముప్పావు రోజు ముందే ఇంటికెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. చిన్న అధ్యయనమే, అయినా ఆసుపత్రుల్లో తోటలు పెట్టాలనే మాట వచ్చినప్పుడల్లా ఇప్పటికీ దాన్నే తలుచుకుంటారు.

మీకు దగ్గరగా ఉండేది 2011లో నెదర్లాండ్స్‌లో జరిగింది. 30 మంది తోటపని చేసేవాళ్ళని ముందు కావాలనే టెన్షన్ పెట్టి, తర్వాత సగం మందిని అరగంట తోటపని చెయ్యమన్నారు, సగం మందిని లోపల కూర్చుని చదువుకోమన్నారు. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ ఇద్దరికీ తగ్గింది, తోటలో ఉన్నవాళ్ళకి ఎక్కువ తగ్గింది, మూడ్ మాత్రం పూర్తిగా వెనక్కి వచ్చింది వాళ్ళకే. 2015లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు మరో పని చేశారు, కొంతమందిని గంటన్నర చెట్ల మధ్య నడిపించారు, కొంతమందిని రద్దీ రోడ్డు పక్కన. చెట్ల మధ్య నడిచినవాళ్ళలో ఒకే బాధని మళ్ళీ మళ్ళీ నెమరేసుకోవడం తగ్గింది.

మట్టిలోని ఒక బ్యాక్టీరియా డిప్రెషన్ తగ్గిస్తుందని తెగ తిరుగుతుంటుంది చూడండి, ఆ 2007 పరిశోధన ఎలుకల మీద చేసింది. మీ ఫ్రెండ్‌కి చెప్పండి.

ఒకటి గమనించండి, ఇవన్నీ టెన్షన్‌కీ ఆలోచనల సుడికీ సంబంధించినవి. తల్లి పోయిన దుఃఖం వేరు, దాన్ని అరగంటలో కొలిచే సాధనం లేదు.

---

సగంవెలుగు

నేను కొంచెం ఎదురు మాట్లాడతా, ఏమీ అనుకోకండి.

నాకు తోట పని చెయ్యలేదు. అంటే మొదట్లో చేసింది, అదే సమస్య అయింది. మా అన్నయ్య పోయాక పొద్దున్నుంచి చీకటి పడేదాకా మట్టిలోనే ఉండేదాన్ని, చూసినవాళ్ళంతా పాపం బాగా తట్టుకుంటోంది అనేవారు. నిజానికి నేను మనుషుల నుంచి దాక్కున్నాను. మొక్క అయితే "ఎలా ఉన్నావు" అని అడగదు కదా. ఫోన్లు ఎత్తలేదు, తిండి తగ్గింది, మూడు గంటలకే మెలకువ వచ్చేది, నేను లేకపోతే ఎవరికి నష్టం అనే ఆలోచన కూడా మొదలైంది. అప్పుడు చెల్లి బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మందులు వాడాను, ఏడాది పాటు కౌన్సెలింగ్‌కి వెళ్ళాను, ఆ తర్వాతే తోట మళ్ళీ తోటలా కనిపించింది.

కాబట్టి ఏడవడం మంచిదా కాదా అని కాకుండా, ఏడ్చి లోపలికి వచ్చాక ఎలా ఉంటున్నారో చూసుకోండి. ఆకలి వేస్తోందా, మీ ఆయనతో నాలుగు మాటలు మాట్లాడబుద్ధి అవుతోందా, నిద్ర పడుతోందా? మీరు రాసినదాన్ని బట్టి పడుతోంది, అది మంచి గుర్తే అనిపిస్తోంది. రెండు వారాలు వరసగా దేని మీదా మనసు లేకుండా పోయినా, చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా తోట సంగతి పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇంకోటి, అమ్మ ఉంచినట్టే ఉంచాలని పట్టుదలకు పోకండి. నేను అన్నయ్య కుండీలు అంగుళం కూడా జరపనివ్వలేదు, చివరికి వాటికి ఎండ తగలక చచ్చిపోయాయి.

---

వానకోయిల

నాకు సొంత నేల లేదు, పై అంతస్తులో అద్దెకుంటాను. భక్తి కూడా పెద్దగా లేదు, ప్రార్థన చెయ్యమంటే నాకు మాటలు రావు. కానీ వీధి చివర చెట్టు ఉంది, ఏడాదిగా దాని వేళ్ళ మీద రోజూ ఇరవై నిమిషాలు ఊరికే కూర్చుంటాను, ఫోన్ ఇంట్లో పెట్టేసి. మొదటి నెలంతా చీమల్ని తిట్టుకోవడమే. తర్వాత ఎప్పుడో చీమలు ఏ దారిన వెళ్తాయో నాకు తెలిసిపోయి, వాటికి అడ్డం లేకుండా కూర్చోవడం అలవాటైంది. నాకు ఆధ్యాత్మికం అంటే ఇప్పుడు దాదాపు అదే.

ఆస్ట్రేలియా మూలవాసి పెద్దావిడ మిరియం-రోజ్ ఉంగున్‌మెర్ బౌమన్ వల్ల బయటివాళ్ళకి తెలిసిన మాట ఒకటుంది, దదిర్రి. లోలోపలి నుంచి వినడం, తొందరపడకుండా నిశ్చలంగా ఉండటం అని ఆమె వివరిస్తారు. నాకు నచ్చిందేంటంటే అందులో ఏదో సాధించాలని లేదు, కాచుకుని ఉండటమే. ఇంకో సంగతి, న్యూజీలాండ్ మూలవాసుల మావోరీ భాషలో నేలకీ, బిడ్డతో పాటు బయటపడే మాయకీ ఒకటే మాట, ఫెనువా. మీ పోస్టు చదవగానే అది గుర్తొచ్చింది.

---

నీలిపిట్ట

అందరికీ థాంక్స్. ముందుగా, మూడు పలకలే. తుంగే.

సగంవెలుగు గారూ, మీ మాటలు రెండుసార్లు చదివాను. ఏడ్చి వచ్చాక ఆకలి వేస్తోంది, నిజమే, ఇన్నాళ్ళూ గమనించలేదు. మీరు చెప్పిన గుర్తులు మా ఆయనకి కూడా చదివి వినిపించాను, నాలో అలాంటిదేమైనా కనిపిస్తే మొహమాటపడకుండా చెప్పమని. ఆయన ఏమీ అనలేదు, నిన్న సాయంత్రం మాత్రం గునపం పట్టుకుని వెనకాలే వచ్చాడు. గోడ వైపు మడి ఒక్కటి శుభ్రం చేశాం. బకెట్ నిండా గడ్డలు. మధ్యలో ఒక పుల్ల గుచ్చి ఉంది, దానికి అమ్మ అంటించిన చీటీ, ఏం విత్తనమో రాసింది వాననీళ్ళకి చెరిగిపోయి తారీఖు ఒక్కటే మిగిలింది. ఆసుపత్రికి వెళ్ళడానికి నాలుగు రోజుల ముందు తారీఖు. ఈసారి మా ఆయన కూడా ఏడ్చాడు.

ఆ మడిలో ఇప్పుడు ఏం వెయ్యాలి?

---

గడ్డపార

ఏమీ వెయ్యకండి అప్పుడే. తడిపి పది పదిహేను రోజులు వదిలెయ్యండి. తవ్వినప్పుడు లోపలి విత్తనాలు పైకొస్తాయి, ఆమె చల్లినవి ఇంకా ప్రాణంతో ఉంటే వాటిలో కొన్ని లేవొచ్చు, హామీ మాత్రం ఇవ్వలేను. కలుపు ఎలాగూ లేస్తుంది. మొదటి రెండాకులు చూసి పీకెయ్యకండి, అప్పుడు చాలా మొలకలు ఒకేలా ఉంటాయి, తర్వాత వచ్చే ఆకుని బట్టే ఏది ఏదో తెలుస్తుంది. అనుమానం వస్తే ఫోటో పెట్టండి.